గ్యాస్ కట్టేశానా? ఓసీడీకి ఈఆర్‌పీ థెరపీ, 16 సెషన్ల తర్వాత నా రివ్యూ

తాళం వేసి, మళ్లీ తీసి, స్టవ్ దగ్గరికెళ్లి నాబ్ పట్టుకుని చూసి, మళ్లీ తాళం వేసేదాన్ని. ఒక్కోరోజు 15 సార్లు. చివరికి నాబ్‌కి ఫోటో తీసుకుని బస్సులో చూసుకునేదాన్ని. అప్పుడు ఇంకో అనుమానం: ఈ ఫోటో ఇవాళ్టిదేనా? నాకున్నది ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్), అంటే వదలని ఆలోచన, దాన్ని తగ్గించుకోవడానికి మళ్లీ మళ్లీ అదే పని చేయడం.

మొదట వెళ్లిన కౌన్సెలర్ మంచి మనిషే. "ఏం కాదమ్మా, కట్టేసే ఉంటారు" అని ప్రతిసారీ ధైర్యం చెప్పేవారు. గంటసేపు హాయిగా ఉండేది, ఆపైన మామూలే. ఆ మాట వినడం కూడా నా చెకింగ్‌లో భాగమైపోయిందని తర్వాత తెలిసింది.

రెండోచోట ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) చేశారు. భయపెట్టే పనిని కావాలనే చేసి, ఆ తర్వాత అలవాటైన చెకింగ్ జోలికి పోకుండా ఉండాలి. విక్టర్ మేయర్ అనే సైకాలజిస్ట్ 1966లో ఇద్దరు రోగుల చికిత్స గురించి రాసిన దగ్గర్నుంచి పెరిగిన పద్ధతి ఇది.

వై-బాక్స్ అనే ప్రశ్నలతో తీవ్రత లెక్కేస్తే 40కి 28 వచ్చింది. రెండో సెషన్‌లో ఫోటోలన్నీ నాచేతే డిలీట్ చేయించారు. నాలుగో వారం స్టవ్ వెలిగించి, ఆపి, వెనక్కి చూడకుండా బయటికి రమ్మన్నారు. థెరపిస్ట్ ఫోన్ లైన్లో ఉన్నారు. గేటు దగ్గరికి వచ్చేసరికి తాళంచెవి అరచేతిలో అచ్చు పడేంత గట్టిగా పట్టుకుని ఉన్నాను. "కట్టేశానంటారా?" అని అడిగాను. "తెలీదండీ. తెలియకుండానే నడుద్దాం" అన్నారు. చాలా కోపమొచ్చింది. కానీ 100కి 90 ఉన్న టెన్షన్ దానంతటదే 40కి దిగింది, 35 నిమిషాల్లో. చెకింగ్ లేకుండా అది దిగుతుందని నాకు అంతవరకు తెలియదు.

మా ఆయన్ని కూడా రెండు సెషన్లకు పిలిచారు. "కట్టేశావులే" అనడం మానేసి, "కష్టంగా ఉందని తెలుసు, పద" అనడం నేర్చుకున్నారాయన. నాకు అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది ఇదే.

ఒక లోపం మాత్రం చెప్పాలి. సైకియాట్రిస్ట్ సెర్ట్రలిన్ అనే మందు రాశారు గానీ, ఓసీడీలో ఈ మందుల గుణం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చని ముందు చెప్పలేదు. మూడో వారంలోనే ఆపేయబోయాను.

ఇప్పుడు నా స్కోరు 13. అనుమానం నిన్న కూడా వచ్చింది, అయినా బస్సెక్కేశాను. మీరు అపాయింట్‌మెంట్ తీసుకునేముందు ఈఆర్‌పీ చేస్తారా, ఇంటిదగ్గర చేయడానికి హోంవర్క్ ఇస్తారా అని అడగండి. ధైర్యం చెప్పి పంపుతామనే చోటైతే వెళ్లకండి.