పుణెనా, చెన్నైనా: ఇల్లు వెతకబోయి తిన్న దెబ్బలు, తిన్న భోజనాలు

విశాఖలో మా కంపెనీ శాఖను మూసేస్తూ, పుణె, చెన్నైలలో ఒకటి ఎంచుకోమన్నారు. జీతం రెండుచోట్లా ఒకటే. దాంతోపాటు ఒక పట్టిక కూడా పంపారు. అద్దె, బడి ఫీజు, కూరగాయలు, పెట్రోలు అన్నీ లెక్క వేస్తే చెన్నై కన్నా పుణెలో నెలకు మూడు వేలు ఎక్కువ మిగులుతాయట. ఆ పట్టిక తయారుచేసినవాళ్లు ఈ రెండు ఊళ్లలో దేనిలోనూ ఒక్క రాత్రి పడుకుని ఉండరు. అందుకే 2025 జులైలో సెలవు పెట్టి, మావారినీ, రెండో తరగతి చదువుతున్న పాపనీ, రైల్వేలో గార్డుగా రిటైరైన మామయ్యగారినీ వెంటబెట్టుకుని బయలుదేరాను. మామయ్యగారు మొదట రానన్నారు. రేపు ఆయన కూడా ఉండాల్సిన ఊరు, చూడకుండా ఎలా అని బలవంతపెట్టాను.

కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో పుణె దాకా ప్రయాణం హాయిగా సాగింది. కష్టాలు స్టేషన్ దిగాక మొదలయ్యాయి.

మా ఆఫీసు హింజేవాడి ఐటీ పార్కు మూడో ఫేజ్‌లో. దగ్గరగా ఉంటుందని వాకడ్‌లో వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్ ఒకటి బుక్ చేశాను. రాత్రికి 2,400. ఫొటోల్లో గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, తెల్లటి దుప్పట్లు. వెళ్లేసరికి రాత్రి పది దాటింది. మేనేజరు ముందుగా మామయ్యగారి వైపు చూసి, నాలుగో మనిషికి రోజుకు 600 అదనం అన్నాడు. బుకింగ్‌లో ముగ్గురు పెద్దలు, ఒక పాప అని స్పష్టంగా ఉంది. చూపించాను. అది వెబ్‌సైటు లెక్క, మా లెక్క వేరు అన్నాడు. ఆ తర్వాత 3,000 నగదు డిపాజిట్ అడిగాడు. వానలో, సామానుతో, నిద్రపోతున్న పాపను భుజాన వేసుకుని ఎవరైనా ఎంతసేపు వాదిస్తారు? ఇచ్చాం.

పొయ్యి ఉంది, సిలిండరు లేదు. కావాలంటే 500. కుళాయిలో నీళ్లు ఉదయం రెండు గంటలు మాత్రమే. మిగతా వేళల్లో ట్యాంకరు వస్తేనే. తెల్లవారుజామున నాలుగింటికి లేచి టీ తాగడం మామయ్యగారికి యాభై ఏళ్ల అలవాటు. ఆ సిలిండరు వచ్చేదాకా ఆయన మాతో మాట్లాడలేదు. దుప్పటి మీద అరచేయంత పసుపు మరక ఉంటే, నేను పక్క మీద కూర్చోకముందే ఫొటో తీసి మేనేజరుకు వాట్సాప్‌లో పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు.

ఖాళీ చేసే రోజున ఆ మరకకే 900 పట్టుకున్నాడు! నా ఫొటో, తేదీ, సమయం, అతను చూసినట్టు టిక్కులు, అన్నీ ముందు పెట్టాను. కాసేపు పరిశీలనగా చూసి, "ఆ మరక వేరు మేడమ్, ఇది వేరు" అన్నాడు. ఇంకో వెయ్యి క్లీనింగ్‌కట. మూడు వేలలో చేతికొచ్చింది 1,100. పైగా గది అద్దె మీద 18 శాతం జీఎస్టీ. రోజుకు 7,500 వరకు ఉండే గదులకు అప్పట్లో పన్ను 12 శాతమే. ఆ మాట అంటే బిల్లు మెయిల్‌లో వస్తుందన్నాడు. ఇప్పటికీ రాలేదు. పన్ను వసూలు చేసే వ్యాపారి తన జీఎస్టీ నంబరును పేరు బోర్డు మీద రాయాలి. ఆ భవనం బోర్డు మీద గులాబీ పువ్వు బొమ్మ తప్ప ఏమీ లేదు. మీరు ఎక్కడ దిగినా డబ్బు కట్టేముందు ఆ బోర్డును ఒకసారి చూసుకోండి.

అంతవరకు మౌనంగా కూర్చున్న మామయ్యగారు అప్పుడు లేచారు. ఖరగ్‌పూర్‌లో నేర్చుకున్న హిందీలో, చాలా మర్యాదగా, "కంప్లైంట్ బుక్ తీసుకురా బాబూ" అన్నారు. అలాంటి పుస్తకం ఒకటి ఉంటుందని ఆ కుర్రాడు జీవితంలో విన్నట్టు లేదు. లేకపోతే తెల్ల కాగితం ఇమ్మని, ఇంగ్లీషులో పేజీన్నర ఫిర్యాదు రాసి, రెండో కాపీ మీద అతని సంతకం తీసుకున్నారు. డబ్బు తిరిగి రాలేదు గానీ, పుణెలో ఆయన ముఖం వెలిగింది ఆ ఒక్క పూటే.

ఆఫీసుకు వెళ్లే దారినీ పరీక్షించాను. వాకడ్ నుంచి మూడో ఫేజ్‌కు పది కిలోమీటర్లు కూడా ఉండదు. ఎనిమిదిన్నరకు క్యాబ్ ఎక్కితే పదీ పదికి దిగాను. 310 రూపాయలు. రోడ్డు మీద నీళ్లు, మధ్యలో మెట్రో స్తంభాలు. మాణ్ నుంచి శివాజీనగర్ దాకా 23 కిలోమీటర్ల మూడో మెట్రో లైను అప్పుడు కడుతున్నారు. నేను వెళ్లేనాటికి అందులో జనం ఎక్కే రైళ్లు ఇంకా తిరగడం లేదు. దేశానికి సాఫ్ట్‌వేరు రాసిపెట్టే ఆ ప్రాంతమంతా గ్రామ పంచాయతీల కింద ఉంది. కాలువ పూడిక ఎవరు తీయాలన్నది అక్కడ పెద్ద చర్చ. ఆ ట్రాఫిక్‌కు భయపడి మధ్యాహ్నం షిఫ్టు అడిగి తీసుకున్నానని అక్కడి సహోద్యోగి ఒకామె చెప్పింది. పిల్లల్ని ఎప్పుడు చూస్తారని అడిగితే, ఆదివారం అంది.

ఇన్ని తిట్టినా ఒక విషయంలో పుణెకు దండం పెట్టాలి. ఇల్లు అద్దెకిచ్చే పద్ధతి అక్కడ శుభ్రంగా ఉంది. తొమ్మిదో అంతస్తులో రెండు పడక గదుల ఇల్లు చూశాం. అద్దె 28,000, మెయింటెనెన్స్ 3,500, డిపాజిట్ 75,000. లీవ్ అండ్ లైసెన్స్ అనే అద్దె ఒప్పందాన్ని మహారాష్ట్రలో తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. ఏజెంటు ఇంటికే వచ్చి వేలిముద్రలు తీసుకుని ఆన్‌లైన్‌లో పూర్తిచేస్తాడు. స్టాంపు డ్యూటీ మొత్తం అద్దె మీద పావు శాతం, పట్టణాల్లో రిజిస్ట్రేషన్ ఫీజు వెయ్యి. నీ కులమేమిటి, నువ్వేం తింటావు అని మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఊళ్లోని ఆటోవాళ్లు కూడా మేం ఎక్కినంతవరకు మీటరు వేశారు. మొదటి కిలోమీటరున్నరకు 25, తర్వాత కిలోమీటరుకు 17. దిగాక రెండు రూపాయల చిల్లర వెతికి మరీ ఇచ్చారు.

మావారు పుణె మీద మనసు పారేసుకున్నారు. సింహగఢ్ కోట ఎక్కి, మంచులో కూర్చుని పిఠ్లా అనే శనగపిండి కూర, భాకరీ రొట్టె, పచ్చిమిర్చి ఠేచా పచ్చడి తిని, మట్టి ముంతలో పెరుగు తిని దిగారు. ఇక అక్కడి నుంచి ప్రతి మాటకూ ముందు "ఈ వాతావరణంలో" అని మొదలు. ఆయన ఉద్యోగం ఇంటి నుంచే. కిటికీలోంచి వాన చూస్తూ పని చేసుకునే మనిషికి హింజేవాడి రోడ్డుతో ఏం పని?

పాప చదువు కోసం ఒక బడికి వెళ్లాం. మూడో భాషగా హిందీని ఒకటో తరగతి నుంచి పెడతామన్న ఉత్తర్వులను ప్రభుత్వం జూన్ 29న వెనక్కి తీసుకుంది. ఆ గొడవ అప్పటికి ఇంకా చల్లారలేదు. మరాఠీ మాత్రం 2020 చట్టం ప్రకారం అన్ని బడుల్లోనూ తప్పదు. చెన్నైలో అయితే ఆ బాధ ఉండదని అనుకోకండి. తమిళం తప్పనిసరి చేస్తూ 2006లోనే చట్టం వచ్చింది. రెండు ఊళ్లలోనూ కొత్త భాష నేర్చుకోవాల్సిందే. మరాఠీది దేవనాగరి కాబట్టి హిందీ వచ్చిన పిల్లలకు కాస్త సులువు.

చెన్నై సెంట్రల్‌లో దిగగానే ఆటో అతను మందవెల్లికి 350 అడిగాడు. ప్రభుత్వ రేటు మొదటి 1.8 కిలోమీటర్లకు 25, తర్వాత కిలోమీటరుకు 12. ఆ లెక్కన వందకు అటూఇటూ, అంతే. కానీ అది 2013లో పెట్టిన రేటు. ఇన్నేళ్లు మార్చకపోతే మీటరు ఎవరు వేస్తారు? నేను బేరం మొదలుపెట్టకముందే మామయ్యగారు రోడ్డు అవతల పార్క్ టౌన్ స్టేషన్ వైపు నడవడం మొదలుపెట్టారు. అక్కడ ఎంఆర్‌టీఎస్ అనే లోకల్ రైలు ఎక్కితే మందవెల్లికి టికెట్టు ఐదు రూపాయలు. పాపకు ఐదేళ్లు దాటాయి కాబట్టి అర టికెట్టు తీయాలా అని కౌంటరులో చర్చ పెట్టి, వెనక వరుసలో ఉన్నవాళ్ల చేత తిట్లు కూడా తిన్నారు.

ఆ స్టేషన్ల గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. 1995లో మొదలైన లైను అది. రోడ్ల మీదుగా, బకింగ్‌హాం కాలువ వెంబడి పోతుంది. స్టేషన్లు బ్రహ్మాండంగా కట్టి వదిలేశారు. లోపల చీకటి, పావురాల రెట్టలు. మేం దిగినచోట లిఫ్టు పని చేయలేదు. రాత్రి తొమ్మిది దాటితే ఆడవాళ్లు ఒంటరిగా ఎక్కాలంటే జంకు. అయినా మా చెన్నై ఆఫీసు తరమణిలో. మందవెల్లిలో ఎక్కితే పావుగంటలో తరమణి స్టేషన్. మామయ్యగారు గడియారం పట్టుకుని రెండు పూటలా కొలిచారు. కంపెనీ పట్టిక మాత్రం షోళింగనల్లూరులో ఇల్లు తీసుకుంటామని లెక్క వేసింది. మెట్రో రెండో దశ కోసం తవ్విపోసిన ఆ రోడ్డు మీద రోజూ రావడమంటే హింజేవాడికి తమ్ముణ్ణి వెతుక్కోవడమే.

మైలాపూరులో దిగిన లాడ్జి పాతది, గది 1,650, ఫిర్యాదు లేదు. దాని వెనక సందులో ఒక మెస్ ఉంది. అరిటాకు భోజనం 120 రూపాయలు. పుణెలో ఉన్నన్నాళ్లూ అటుకులు, పావ్ రొట్టె తిని మామయ్యగారు సగమయ్యారు. ఇక్కడ కూర్చోగానే కీరై మసియల్ అనే మెదిపిన ఆకుకూర, చేమదుంప వేపుడు, సుండక్కాయ వత్తకుళంబు అనే పులుసు వచ్చాయి. వడ్డించే పెద్దాయన మా మాటలు విని, "పప్పులో నెయ్యి వేయనా అండీ?" అన్నాడు, అచ్చ తెలుగులో. వాళ్ల నాన్నగారు నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడ్డారట. మామయ్యగారు మూడుసార్లు అన్నం పెట్టించుకుని, చివర్లో మజ్జిగ అన్నంలో ఊరమిరపకాయ నంజుకుని, చెయ్యి కడుక్కుని వచ్చాక అన్నారు: "అమ్మాయ్, ఈ ఊళ్లో ఉండొచ్చు." పాప మాత్రం అప్పడాలతోనే కడుపు నింపుకుంది. మావారు చెమట తుడుచుకుంటూ ఫ్యాను వేగం పెంచమన్నారు.

అయితే ఇళ్ల వేట మొదలయ్యాక నా ఉత్సాహం చల్లారింది. మందవెల్లిలో మొదటి ఇంటావిడ ఇల్లు చూపించకముందే "మీరు ఎవరు?" అంది. పేరు చెప్పాను. "అది కాదు" అంది. నాకు అర్థమైనా అర్థం కానట్టు నిలబడ్డాను. చివరికి చేపలు వండుతారా అని అడిగింది. వండుతాం అన్నాను, విశాఖవాళ్లం. ఇల్లు ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామంది. పుణె ఏజెంటు వేలిముద్రల యంత్రం ఆ క్షణంలో ఎంత గుర్తొచ్చిందో చెప్పలేను. నా ముఖం చూసి మామయ్యగారు ఆ సాయంత్రమే పాపను తీసుకుని లూప్ రోడ్డు చేపల మార్కెట్టుకు వెళ్లి, కిలో 900 పెట్టి వంజరం బేరమాడారు. వండుకోవడానికి పొయ్యి లేదు కాబట్టి కొనలేదు. వేట నిషేధం జూన్ 14తో ముగిసింది కదా, ఇంకా ఈ ధర ఏమిటని చేపలామెతో తెలుగులోనే పోట్లాడి వచ్చారట.

నాలుగో ఇల్లు కుదిరింది. రెండో అంతస్తు, అద్దె 27,000. ఓనరు పది నెలల అడ్వాన్సు, అంటే 2,70,000 అడిగారు. తమిళనాడులో 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న అద్దె చట్టం ప్రకారం డిపాజిట్ మూడు నెలల అద్దెకు మించకూడదు. కానీ ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప అని అందులోనే ఒక మెలిక ఉంది. చెన్నై ఓనర్లందరూ బతికేది ఆ మెలికలోనే. బేరమాడి లక్షా యాభై వేలకు దించాను. ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో నెల అద్దె కోత పెట్టే షరతు కొట్టివేయించాను. కరెంటు మీటరు మనకు విడిగా ఉందో లేదో తప్పకుండా చూసుకోండి. విడిగా ఉంటే రెండు నెలలకు వంద యూనిట్లు ఉచితం. సబ్ మీటరు పెట్టిన ఓనరు యూనిట్‌కు పది రూపాయలు గుంజుతాడు, ఆ ఉచితం మనదాకా రాదు. ఇంకో ప్రశ్న ఓనరును కాదు, కింది దుకాణంవాణ్ణి అడగాలి: 2015లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, 2023 డిసెంబరు తుపానుకు ఎక్కడిదాకా వచ్చాయి? మా వీధిలో రెండుసార్లూ మోకాలి లోతు అని ఇస్త్రీ అతను చెప్పాడు. అందుకే రెండో అంతస్తు, అందుకే కారు కొనే ఆలోచన వాయిదా.

చెన్నై అని ఆఫీసుకు రాసిచ్చాను. మావారు వారం రోజులు ముభావంగా ఉన్నారు. పడక గదితోపాటు ఆయన పని చేసుకునే గదిలోనూ ఏసీ పెట్టించే ఒప్పందం మీద మాట కలిపారు. ఏసీలు రెండూ 76,000, బిగింపుతో. కంపెనీ పట్టికలో ఆ ఖర్చు లేదు. సాయంత్రం సెంట్రల్‌లో హౌరా మెయిల్ ఎక్కితే తెల్లారేసరికి మా ఊరి దరిదాపుల్లో ఉంటామన్న సంగతి కూడా లేదు. స్కూటరును ఏడాదికి మించి అక్కడ ఉంచితే తమిళనాడు నంబరు తీసుకోవాలి కాబట్టి, విశాఖ ఆర్‌టీఓ ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ తెచ్చే పని మామయ్యగారికి అప్పగించాను. రసీదులు దాచడానికి ఆయన ఇప్పటికే ఒక ఫైలు కొన్నారు.