మైనస్ 67 దాటితే పాఠం ఆగుతుంది: వైఫై ఎనలైజర్ ఆప్ రివ్యూ

ఇంట్లో నెట్ సరిగ్గా రావడం లేదని కంపెనీకి ఫోన్ చేసే ముందు, కొత్త రూటర్ కొనే ముందు, ఏ మూల వైఫై సిగ్నల్ ఎంతుందో అంకెలో చూపించే ఈ ఆప్ వేసుకుని ఇల్లంతా ఒకసారి తిరగండి. ప్లే స్టోర్‌లో వైఫై ఎనలైజర్ అనే పేరుతో చాలా ఆప్‌లు ఉన్నాయి. నేను చెప్పేది వీఆర్ఈఎం అనే డెవలపర్‌ది. డబ్బులు కట్టక్కర్లేదు, యాడ్స్ రావు, కోడ్ అంతా ఓపెన్ సోర్స్. దానికి ఇంటర్నెట్ పర్మిషనే ఉండదు. మన వివరాలు ఎక్కడికో పంపుతుందన్న భయం అక్కర్లేదు.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. మా ఇల్లు చైతన్యపురిలో, అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు. పొద్దున ఆరింటికి డాలస్‌లో ఉన్న మన పిల్లలకు ఆన్‌లైన్ క్లాసు, రాత్రి ఎనిమిదింటికి ఇక్కడి బ్యాచ్. కిర్చాఫ్ లూప్ సగం గీశాక "టీచర్, స్క్రీన్ ఆగిపోయింది" అని ఒక పిల్ల అంటుంది. మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. అప్పటికి వాళ్ల ధ్యాస పోయి ఉంటుంది. ఫోన్‌లో చూస్తే వైఫై గీతలు నిండుగా కనిపిస్తాయి. నెట్ కంపెనీ నుంచి వచ్చిన అబ్బాయి కూడా ఆ గీతలే చూపించి, "సిగ్నల్ ఫుల్ ఉంది కదా మేడమ్, ప్రాబ్లం మీ లాప్‌టాప్‌లోనే" అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఎక్స్‌టెండర్, అంటే సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే పెట్టె, పెట్టుకోమని సలహా ఇచ్చాడు.

ఆ గీతలకు ఒక ప్రమాణం అంటూ లేదు. ఎంత సిగ్నల్‌కు ఎన్ని గీతలు చూపించాలన్నది ఫోన్ తయారుచేసినవాళ్ల ఇష్టం. 2010లో ఐఫోన్ 4 మీద గొడవ జరిగినప్పుడు, గీతలు లెక్కకట్టే తమ ఫార్ములాయే తప్పని, చాలా సందర్భాల్లో ఉండాల్సినదానికన్నా రెండు గీతలు ఎక్కువ చూపిస్తోందని యాపిల్ కంపెనీయే ప్రకటించింది. అది మొబైల్ సిగ్నల్ సంగతి. వైఫై గీతలను కూడా అంతకన్నా ఎక్కువ నమ్మడానికి లేదు.

ఈ ఆప్ గీతల బదులు డీబీఎంలో, అంటే సిగ్నల్ పవర్‌ను కొలిచే యూనిట్‌లో, అంకె ఇస్తుంది. సున్నా డీబీఎం అంటే ఒక మిల్లీవాట్. మైనస్ 30 అంటే అందులో వెయ్యో వంతు, మైనస్ 60 అంటే పది లక్షల్లో ఒక వంతు. లాగరిథమ్ లెక్క కాబట్టి 3 తగ్గితే పవర్ సగమవుతుంది, 10 తగ్గితే పదో వంతుకు పడిపోతుంది. అంకె సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. మైనస్ 50 దగ్గర ఉంటే ఏ లోటూ ఉండదు. వాయిస్, వీడియో కాల్స్‌కు మైనస్ 67 కన్నా దిగకూడదని నెట్‌వర్క్ ఇంజినీర్లు లెక్క పెట్టుకుంటారు. మైనస్ 70 దాటాక వెబ్ పేజీలు తెరుచుకుంటాయి కానీ కాల్ నమ్మకంగా నడవదు. మైనస్ 80 దాటితే కనెక్ట్ అయినట్టే కనిపిస్తుంది, పని మాత్రం జరగదు.

మా రూటర్ హాల్లో టీవీ కబోర్డ్ లోపల, సెట్‌టాప్ బాక్స్ వెనక ఉండేది. నేను పాఠం చెప్పే గదికి, దానికి మధ్య ఒక గోడ, ఆ గోడకు ఆనించి ఇనప బీరువా. నా టేబుల్ దగ్గర రీడింగ్ మైనస్ 74. రెండడుగులు జరిగి బీరువా పక్కకు వస్తే అంకె బాగుపడుతోంది, మళ్లీ దాని వెనక్కి వెళ్తే పడిపోతోంది. ఇనుము రేడియో తరంగాలను వెనక్కి కొడుతుందని క్లాసులో చెప్పడం వేరు, సొంతింటి బీరువా దగ్గర కళ్లారా చూడటం వేరు. రూటర్‌ను కబోర్డ్‌లోంచి తీసి, తలుపుకు ఎదురుగా ఎత్తులో షెల్ఫ్ మీద పెట్టించాను. అదే టేబుల్ దగ్గర మైనస్ 61 వచ్చింది. తేడా 13. అంటే ఇరవై రెట్ల పవర్, అదీ పైసా ఖర్చు లేకుండా.

పొద్దుటి క్లాసు చక్కబడింది. రాత్రి క్లాసు మాత్రం అలాగే తెగుతోంది. అంకె చూస్తే అదే మైనస్ 61. ఈ ఆప్ అసలు విలువ నాకు తెలిసింది ఇక్కడే.

ఛానెల్ గ్రాఫ్ అని ఒక పేజీ ఉంటుంది. ఛానెల్ అంటే ఒక వైఫై తన డేటా పంపడానికి వాడుకునే ఫ్రీక్వెన్సీ ముక్క. చుట్టూ ఉన్న ఒక్కో వైఫైకి ఒక్కో రంగులో కొండలాంటి గీత. కొండ ఎత్తు సిగ్నల్ బలం, దాని వెడల్పు అది ఆక్రమించిన ఛానెళ్లు. మాది హాస్టళ్లు, కోచింగ్ సెంటర్ల మధ్య ఇల్లు. వైఫై వాడే ఫ్రీక్వెన్సీ బ్యాండ్లలో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్ పేజీ తెరిస్తే కొండల మీద కొండలు, మా రంగు ఏదో వెతుక్కోవాల్సి వచ్చింది. ఈ బ్యాండ్‌లో మన దగ్గర 13 ఛానెళ్లున్నా ఒకదాన్ని ఒకటి తాకకుండా ఉండేవి మూడే: 1, 6, 11. ఒకే ఛానెల్‌లో ఉన్న రూటర్లు ఒకదాని మాట ఒకటి విని వంతులవారీగా పంపుకుంటాయి. నాలుగో ఛానెల్‌లో ఉన్నది మాత్రం 1కి, 6కి రెంటికీ అడ్డం పడుతుంది. పక్క ఫ్లాట్ అక్క వాళ్ల రూటర్ సరిగ్గా అక్కడే ఉంది. "అక్కా, దీన్ని ఆరుకి మారుద్దామా?" అంటే "నెట్ పోదు కదమ్మా?" అని ఒక్కటే అడిగింది, మార్చనిచ్చింది.

అయినా హాస్టళ్లన్నిటికీ వెళ్లి మార్చలేం కదా. అందుకని లాప్‌టాప్‌ను మా రూటర్‌లోనే ఉన్న ఇంకో బ్యాండ్, 5 గిగాహెర్ట్జ్‌కు కలిపాను. ఆ బ్యాండ్ గోడల్లో ఎక్కువ బలహీనపడుతుంది. టేబుల్ దగ్గర రీడింగ్ మైనస్ 66కి తగ్గింది. కానీ ఆ పేజీలో మా చుట్టూ దాదాపు ఖాళీ. ఆ రాత్రి నుంచి క్లాసు తెగలేదు. సిగ్నల్ ఐదు డీబీ తగ్గి కూడా కాల్ బాగుపడిందంటే, అంకెతో పాటు చుట్టూ ఉన్న రద్దీ కూడా చూడాల్సిందే. రద్దీలో ఎక్స్‌టెండర్ పెట్టి ఉంటే అది అదే ఛానెల్‌లో విన్నదే మళ్లీ పంపి, వేగాన్ని సుమారు సగానికి తగ్గించి, ఆ గుంపులో ఇంకొకటిగా చేరేది.

లోపాలు కూడా చెప్పాలి. ఆండ్రాయిడ్ 9 నుంచి ఏ ఆప్ అయినా రెండు నిమిషాల్లో నాలుగుసార్లే స్కాన్ చేయగలదు. అందుకే నడుస్తూ చూస్తే అంకె కదలదు, ఒక్కోచోట కాసేపు నిలబడాలి. ఆండ్రాయిడ్ 10, ఆ తర్వాతి ఫోన్లలో డెవలపర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి వైఫై స్కాన్ థ్రాట్లింగ్ అనే ఈ పరిమితిని ఆపేయొచ్చు. లొకేషన్ ఆన్ చేయకపోతే జాబితా ఖాళీగా ఉంటుంది. ఆప్ చూపించే మీటర్ల దూరాన్ని పట్టించుకోకండి. మధ్యలో గోడలు లేవనుకుని కట్టిన లెక్క అది. నాయిస్, అంటే సిగ్నల్‌తో కలిసే అనవసరపు రేడియో గోల, ఎంతో ఫోన్లు చెప్పవు కాబట్టి సిగ్నల్‌కు, నాయిస్‌కు మధ్య తేడా ఇందులో దొరకదు. ఆ లోటు నాకు బాగా తెలుస్తోంది. ఇంకో సంగతి, ఇది ఫోన్ యాంటెన్నా రీడింగ్. అదే చోట లాప్‌టాప్‌కు వేరేగా రావచ్చు. విండోస్‌లో నెట్‌ష్ (netsh) అనే కమాండ్ ఇచ్చే వైఫై సిగ్నల్ శాతం కూడా ఇదే అంకెకు ఇంకో రూపం: 100 శాతం అంటే మైనస్ 50, 60 శాతం అంటే మైనస్ 70.

మొబైల్ డేటా రీడింగ్‌ను దీంతో పోల్చకండి. ఫోన్ సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ కింద కనిపించే 4జీ అంకెను కొలిచే పద్ధతే వేరు. అక్కడ మైనస్ 95 అంటే పనికొచ్చే సిగ్నలే, వైఫైలో అయితే దాదాపు లేనట్టే. ఐఫోన్‌లో ఈ ఆప్ లేదు. యాపిల్ వాళ్ల ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ వేసుకుని, సెట్టింగ్స్‌లో దాని వైఫై స్కానర్ ఆన్ చేస్తే అంకెలు వస్తాయి, గ్రాఫ్ రాదు.

నా మార్కులు 5కి 4. గదిగదికీ రీడింగ్ రాసి దాచుకునే వీలు ఇస్తే ఆ మిగిలిన ఒక్కటీ వేస్తాను. ఇప్పటికైతే నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను: హాలు, వంటగది, పాఠాల గది, బాల్కనీ. ఈసారి కంపెనీ అబ్బాయి వస్తే ముందు ఆ పేజీ అతని ముందు పెడతాను.