కౌజు పిల్లల దాణాలోకి చేపపొడా, లైసిన్–మిథియోనిన్ పొడులా?

విశాఖ దగ్గర ఆనందపురం వైపు కౌజులు పెంచేవాళ్లకు చేపపొడి కోసం దూరం పోనక్కర్లేదు, చేపల హార్బర్ విశాఖలోనే ఉంది. మాంసకృత్తుల్లో భాగమైన లైసిన్, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు రెండూ అందులో సహజంగానే ఉంటాయి. చిక్కల్లా కల్తీతోనే. కాస్త పొడి గ్లాసు నీళ్లలో కలిపి చూడండి, ఇసుక ఉంటే అడుక్కి దిగుతుంది. ఉప్పు మాత్రం కనబడదు. పిల్లలు నీళ్లు తెగ తాగి రెట్ట పల్చగా వేస్తుంటే అనుమానించాలి.

మొక్కజొన్న, సోయా దాణాలో మిథియోనిన్ చాలదు. పెరిగే కౌజుకు 24 శాతం మాంసకృత్తులు, 1.3 శాతం లైసిన్, 0.5 శాతం మిథియోనిన్ ఉండాలంటుంది 1994 నాటి అమెరికా జాతీయ పరిశోధన మండలి (ఎన్‌ఆర్‌సీ) పట్టిక. లోటును పొడులతో పూడిస్తే సోయా కొంత తగ్గించుకోవచ్చు. రెట్టలో నత్రజని తగ్గుతుంది కాబట్టి షెడ్డులో అమ్మోనియా ఘాటూ అంతగా ఉండదు. విశాఖ ఉక్కపోతలో నా ఓటు దీనికే. కాకపోతే గ్రాముల్లో తూచాలి. ముందు కొద్దిపాటి నూకలో కలిపి, ఆ తర్వాతే మొత్తం దాణాలో తిప్పాలి.