ఇంటిపనికి గల్ఫ్ వెళ్లే అక్కలకు: ఈ చిన్న ఆడియో బైబిల్ ప్లేయర్ కొనొచ్చా?

ముందు వస్తువు సంగతి చెప్తాను. అరచేతిలో ఇమిడిపోయే ప్లేయర్. ముందువైపు స్పీకర్, దాని కింద అంకెల బటన్లు, పక్కన ఇయర్‌ఫోన్ గుచ్చుకునే చోటు, లోపల మెమరీ కార్డులో తెలుగు బైబిల్ మొత్తం, అంటే 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. క్రైస్తవ పుస్తకాల షాపుల్లోనూ సభల దగ్గర పెట్టే స్టాళ్లలోనూ దొరుకుతుంది. పేరున్న కంపెనీది కాదు, ఒకే సరుకు మీద రకరకాల స్టిక్కర్లు కనిపిస్తాయి. నేను రాజమండ్రిలో కొన్నాను, 1,200 లోపే అయింది. కువైట్‌లో ఇంటిపని చేసినన్నాళ్లూ నా దగ్గరే ఉంది. మా కోనసీమ నుంచి, కడప వైపు నుంచి ఇంకా ఎంతోమంది ఈ పనికి వెళ్తూనే ఉన్నారు, అందులో మన సంఘాలవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఫోన్‌లో బైబిల్ ఉచితంగా వస్తుంటే డబ్బులు పోసి ఇదెందుకు అని మా తమ్ముడే అడిగాడు. అరబ్బు ఇంట్లో చేసినవాళ్లు ఆ ప్రశ్న అడగరు. నేనున్న ఇంట్లో పనివేళల్లో ఫోన్ మామ దగ్గర ఉండేది (ఇంటావిడను అక్కడ మామ అంటాం, ఇంటాయనను బాబా అంటాం), రాత్రి పడుకోబోయే ముందు చేతికొచ్చేది, పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడేసరికి కళ్లు మూతలు పడిపోయేవి. కూర్చుని చదివే టైమ్ అంటూ దొరకదు. చేతులు పిండిలోనో అంట్ల తొట్టిలోనో ఉంటాయి, చెవులు మాత్రమే ఖాళీ. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, రెండో చెవి మామ పిలుపుకు వదిలేసి, చేపలు కడుగుతూ, దిష్‌దాషాలు (అరబ్బు మగవాళ్లు వేసుకునే పొడవాటి అంగీలు) ఇస్త్రీ చేస్తూ ఆదికాండం నుంచి ప్రకటన దాకా విన్నాను, మళ్లీ మొదటికొచ్చి విన్నాను.

దొంగచాటుగా మాత్రం వాడొద్దు. నేను మొదట్లోనే మామకి చూపించి, ఆమె చెవిలో పెట్టి వినిపించాను. భాష అర్థం కాలేదు, "ఇంజీల్?" అని అడిగింది (అరబీలో సువార్తను అలా అంటారు), అవునన్నాను. పని ఆగకూడదు, పిల్లలకు వినిపించకూడదు అంది. రెండూ న్యాయమైన మాటలే. కువైట్‌లో మన ఆరాధన మనం చేసుకోవచ్చు గానీ ముస్లింలకు మన మతం బోధించడానికి వీల్లేదు, కాబట్టి తలా ఒకటి పంచుదామని సూట్‌కేసులో నాలుగైదు సెట్లు సర్దుకుని చిక్కుల్లో పడొద్దు. మన వాడకానికి ఒకటి చాలు.

ఇక చదివిన గొంతు సంగతి. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో పాత్రకో గొంతు, వెనక సంగీతం, ఉరుముల శబ్దం, అన్నీ ఉంటాయి. రెండో రకంలో ఒకే మనిషి నిదానంగా చదువుకుంటూ పోతాడు. నేను రెండోదే తీసుకోమంటాను. మిక్సీ తిరుగుతున్న వంటింట్లో ఆ సంగీతంలో మాటలు కొట్టుకుపోతాయి. పైగా గంటల తరబడి వినాలంటే నాటకం కంటే చదవడమే మేలు. భాష పాత అనువాదానిదే, చిన్నప్పటినుంచి సండే స్కూల్లో కంఠస్థం చేసిన వాక్యాలు కాబట్టి మనకు ఇబ్బందిగా అనిపించదు.

నాకు దీని విలువ తెలిసింది 2 రాజులు 5వ అధ్యాయం దగ్గర. బాబా వాళ్లమ్మకు మోకాళ్ల నొప్పులు. నమాజు వేళకు ఆవిడకి నీళ్లు అందించడం, చాప పరవడం, వంగేటప్పుడు లేచేటప్పుడు చేయి పట్టుకోవడం నా పని. ఆవిడ బరువంతా నా మోచేతి మీద పడేది, ఆవిడతో పాటు నేనూ సగం వంగేదాన్ని. ఇది తప్పా, నేను యేసుప్రభువుకు ద్రోహం చేస్తున్నానా అని లోపల ఒకటే టెన్షన్. ఒక సహోదరి అయితే ఆ పని మానేయమని కచ్చితంగా చెప్పింది. ఆవిడను పడిపోనిచ్చి నేను పక్కన నిలబడాలా? అప్పుడు ఒకరోజు ఇస్త్రీ చేస్తుండగా నయమాను కథ వచ్చింది. అందరం చిన్నప్పుడు విన్నదే, యొర్దానులో ఏడుసార్లు మునిగి కుష్ఠు పోగొట్టుకున్న సిరియా సేనాపతి. సండే స్కూల్లో కథ అక్కడితో ఆపేస్తారు. తర్వాత ఏముందో నేనెప్పుడూ పట్టించుకోలేదు. బాగైన తర్వాత ఆయన, తనను బాగుచేసిన ప్రవక్త ఎలీషాని ఒక్కటి వేడుకుంటాడు: మా రాజు రిమ్మోను అనే మా దేశపు దేవుడి గుడికి వెళ్లి మొక్కేటప్పుడు నా చేతి మీద ఆనుకుంటాడు, అతనితో పాటు నేనూ వంగాల్సి వస్తుంది, ఆ ఒక్క విషయంలో యెహోవా నన్ను క్షమించాలి అని. ఎలీషా తిట్టలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు, సమాధానంగా వెళ్లమన్నాడు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఆ అధ్యాయం మళ్లీ వేసుకున్నాను. ఆ కథంతా మొదలైంది కూడా నయమాను ఇంట్లో పనిచేసే పిల్ల వల్లే కదా, ఇశ్రాయేలు నుంచి చెరపట్టి తెచ్చిన చిన్నది, యజమాని బాగుపడాలని కోరుకున్నది. ఆ రోజు నుంచి ముసలావిడకి చేయి ఇవ్వడానికి నేను వెనకాడలేదు. నా మొక్కు ఎవరికో నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.

అయితే అదే అధ్యాయం చివర ఎలీషా పనివాడు గేహజీ ఉన్నాడు. అబద్ధమాడి నయమాను దగ్గర వెండి, బట్టలు పుచ్చుకున్నవాడు. ఫోన్ మోగితే మామ చెయ్యి ఊపి, ఇంట్లో లేనని చెప్పు అని సైగ చేసేది, ఆమె ఎదురుగా సోఫాలోనే కూర్చుని ఉండేది. ఉప్పు తిన్న ఇల్లు, చెప్పిన మాట వినాలి, నిజమే. కానీ ఇక్కడ వంగింది మోచెయ్యి కాదు, నోరు. "మామా, ఇప్పుడు మాట్లాడలేరు అని చెప్తాను, లేరు అని మాత్రం చెప్పలేను" అన్నాను. బాగా కోప్పడింది. ఆ తర్వాత ఫోన్ ఎత్తే పని శ్రీలంక అమ్మాయికి ఇచ్చేసింది, నాకు మేడ మీద పని పెంచింది. దాని వల్ల నాకు ఏ మేలూ జరగలేదు, సాక్ష్యాల్లో చెప్పుకునేలా మామ మనసు మారనూ లేదు. అయినా మళ్లీ అడిగినా అదే చెప్తాను.

దీన్ని కొనేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి, బైబిల్ మొత్తం వినండి, ఎంచిన ముక్కలు కాదు. ఇక్కడ సంఘాల్లో కొందరు గల్ఫ్ ఆడవాళ్లకు 1 పేతురు 2:18 ఒక్కటే చెప్పి పంపిస్తారు, కఠినులైన యజమానులకు కూడా లోబడండి అని. సరే, ఆ మాట ఉంది, పట్టించుకోవాల్సిందే. కానీ అపొస్తలుల కార్యములు 22వ అధ్యాయం కూడా వినండి, కొరడాలతో కొట్టడానికి కట్టేస్తుంటే పౌలు, నేను రోమా పౌరుణ్ణి, విచారణ లేకుండా కొట్టడం మీకు న్యాయమేనా అని అడిగాడు. చట్టాన్ని వాడుకోవడం విశ్వాసం తక్కువై కాదు. కువైట్‌లో ఇంటిపనివాళ్లకు 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది: రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు, వారానికో సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలి, మన ఒప్పుకోలు లేకుండా పాస్‌పోర్ట్ వాళ్ల దగ్గర ఉంచుకోకూడదు. 2016 నుంచి కనీస జీతం 60 దీనార్లు. కాగితం మీద ఉన్నవన్నీ ప్రతి ఇంట్లో జరగవు, అయినా తెలిసి వెళ్లడం వేరు, తెలియక వెళ్లడం వేరు. కొడితే, జీతం ఎగ్గొడితే ఓర్చుకోమని ఎవరైనా చెప్తే వినకండి, భారత ఎంబసీకి వెళ్లండి.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి, డబ్బు. జీతం వచ్చిన రోజు అందరికీ గుర్తుంటుంది. అప్పిచ్చినవాళ్లు వడ్డీ అంటారు, ఇంట్లో పిల్లల ఫీజులంటారు, సంఘంలో కొత్త మందిరం స్లాబు అంటారు. గల్ఫ్‌లో ఉన్న సహోదరి అంటే కానుక లెక్క వేరేగా ఉంటుంది, అది నాకు నచ్చదు. మార్కు సువార్త 7లో ప్రభువు కొర్బాను గురించి అన్నమాట వంటింట్లోనే విన్నాను, దేవునికిచ్చేశాం అని చెప్పి కన్నవాళ్లను గాలికొదిలేసిన వాళ్లను ఆయన గట్టిగానే మందలించాడు. నేను వడ్డీ, ఫీజులు, అమ్మ మందులు ముందు పంపాను, కానుక కొంచెమే ఇచ్చాను, మానలేదు.

ప్లేయర్ ఉంది కదా అని సంఘాన్ని మానుకోవద్దు. కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణ ఉంది, అమెరికా మిషనరీల కాలం నాటిది, అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆ రోజు ఎన్నో భాషలవాళ్లు ఆరాధనకు వస్తారు, మన తెలుగువాళ్లూ కలుస్తారు. సెలవు దొరికిన శుక్రవారం నాకు పండగే. దొరకని వారాలకే ఈ ప్లేయర్.

ఇక లోపాలు. ఆపేసి మళ్లీ ఆన్ చేస్తే ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోదు, మళ్లీ ఆదికాండం 1కి వెళ్తుంది. అంకెలు నొక్కి పుస్తకం, అధ్యాయం పెట్టుకోవాలి, చేతులు తడిగా ఉంటే అది చాలా విసుగు. అధ్యాయం మధ్యలోకి జరపడానికి లేదు, 119వ కీర్తన 176 వచనాలు, సగంలో మామ పిలిస్తే మళ్లీ మొదటినుంచే. విలాపవాక్యములు 3వ అధ్యాయం నాకొచ్చిన కార్డులో మధ్యలో తెగిపోయింది, ఓదార్పు మాటలు వచ్చే ముందే, అది నాకు నిజంగా బాధ అనిపించింది. బ్యాటరీ పాత నోకియా ఫోన్లలో ఉండే రకం. ఆగస్టులో మేడ మీద బట్టల దగ్గర మర్చిపోతే ఎండకు ఉబ్బిపోయింది, మార్చుకోవడానికి వీలున్నది కాబట్టి సరిపోయింది. అతికించేసిన బ్యాటరీ ఉన్నవి తీసుకోకండి. ఛార్జర్‌కు అక్కడ పెద్ద మూడు పిన్నుల ప్లగ్ కావాలి, మన పిన్ను పట్టదు.

కొనేటప్పుడు షాపులోనే వేయించి వినండి. కొన్నిట్లో కొత్త నిబంధన 260 అధ్యాయాలే ఉంటాయి, అట్ట మీద మాత్రం బైబిల్ అని రాసి ఉంటుంది. 2 రాజులు 5 పెట్టమనండి, అది పలికితే పాత నిబంధన ఉన్నట్టే. విలాపవాక్యములు 3 చివరిదాకా వస్తుందో లేదో చూడండి. కార్డులో ఉన్నవన్నీ ఇంట్లో ఎవరి కంప్యూటర్‌లోనైనా ఒక కాపీ వేయించి పెట్టుకోండి, రెండేళ్లకు కార్డు పాడైతే అక్కడ దొరకదు. ఐదుకి నాలుగు ఇస్తాను, ఆపిన చోటు గుర్తుపెట్టుకునే రకం వస్తే ఐదూ ఇచ్చేదాన్ని.