పిల్లలతో పరిశోధన: విడిగా ఇంటర్వ్యూనా, ముగ్గు మ్యాపా, యువ పరిశోధకులా? ఏది మేలు?

ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) ప్రాజెక్టులు, పీహెచ్‌డీ ఫీల్డ్‌వర్క్ మొదలయ్యే రోజుల్లో అనంతపురం, కర్నూలు, కడప యూనివర్సిటీల విద్యార్థులు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. ఊళ్లో పిల్లలతో, కుర్రవాళ్లతో పనిచేయాలి. ఒక్కొక్కరినీ విడిగా ఇంటర్వ్యూ చేయాలా, అందరినీ కూర్చోబెట్టి పీఆర్ఏ (ఊరివాళ్లే కలిసి తమ ఊరి సంగతులు గీసి, లెక్కించి చూపించే) పద్ధతిలో మ్యాపులు వేయించాలా, లేక వాళ్లకే ట్రైనింగ్ ఇచ్చి యువ పరిశోధకులుగా ఊళ్లోకి పంపాలా? నైతికంగా ఏది మేలు?

చాలామంది మూడోదే మేలని ముందే అనుకుని వస్తారు. పిల్లల భాగస్వామ్యం గురించి రోజర్ హార్ట్ 1992లో యునిసెఫ్ కోసం వివరించిన నిచ్చెన బొమ్మను ఈ రంగంలో చూడనివాళ్లు తక్కువ. కింది మెట్ల మీద పిల్లలు పేరుకే ఉంటారు, పైకి పోయేకొద్దీ నిర్ణయం వాళ్ల చేతికి వస్తుంది. కాబట్టి పిల్లలకు ఎంత ఎక్కువ పని అప్పజెప్పితే అంత మంచి పరిశోధన అని అర్థం చేసుకుంటారు. నా అభ్యంతరం అక్కడే ఉంది.

నేను మూడు పద్ధతులనూ ఒక్క ప్రశ్నతో చూస్తాను. సాయంత్రం మనం బస్సెక్కి వచ్చేస్తాం. మనతో మాట్లాడిన పిల్ల మాత్రం ఆ ఊళ్లోనే ఉంటుంది. మర్నాడు బోరింగు దగ్గర, బడిలో, ఇంట్లో ఆ పిల్ల ఎవరికి ఏం జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది? ఏ పద్ధతైనా నాకు ఇదే గీటురాయి.

మాట గాల్లో పోకుండా ఒక విషయం పట్టుకుందాం. కర్నూలు జిల్లా పడమటి మండలాలు, కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు వైపు నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలే మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్తాయి. సుగ్గికి పోవడం అంటారు. పిల్లలు కొందరు వెంట పోతారు, కొందరు జేజి (అవ్వ) దగ్గర ఉంటారు, కొందరు వలస పోయినవాళ్ల పిల్లల కోసం ఆ నెలల్లో నడిపే సీజనల్ హాస్టల్‌లో చేరతారు. ఈ పిల్లల చదువు మీద పరిశోధన చేయాలనుకుందాం.

ముందు విడి ఇంటర్వ్యూ. ఇది పాతకాలపు పద్ధతి, పిల్లల్ని సమాచారం ఇచ్చే వస్తువుల్లా చూస్తుంది అని దీన్ని తీసిపారేయడం ఇప్పుడు ఫ్యాషన్. నేను అంత తేలిగ్గా తీసిపారేయను. ఒక పిల్ల తన మాటను ఒక్కరికే చెప్పుకుని, మిగతా ఊరికి చెప్పకుండా ఉండగలిగే వీలు ఈ పద్ధతిలోనే ఎక్కువ. ఇబ్బందల్లా ఊళ్లో విడిగా కూర్చునే చోటు దొరకకపోవడం. అరుగు మీద కూర్చుంటాం. పక్కనే జేజి వేరుశనక్కాయలు వొలుస్తూ ఉంటుంది. మనం పిల్లను అడిగితే, "దానికేం తెలుసు సార్, నన్నడుగు" అని తనే చెప్పేస్తుంది. పిల్ల తల వంచుకుని జేజి చెప్పిందానికల్లా ఊ కొడుతుంది. నోటుబుక్కులో అది పిల్ల మాటగా ఎక్కుతుంది. అందుకే అంగన్‌వాడీ వరండానో, సెలవు రోజు బడి మెట్లో, పెద్దలకు కనపడుతూనే మాట వినపడనంత దూరంలో ఉండే చోటు ముందే చూసుకోవాలి.

అంతకన్నా పెద్ద చిక్కు అంగీకారం. కాగితం, సంతకం, వేలిముద్ర అంటే మన ఊళ్లలో ఒకటే అర్థం: ఏదో వస్తుంది, లేదా ఉన్నది పోతుంది. రేషన్‌కు వేలిముద్ర, పింఛనుకు వేలిముద్ర, ఈకేవైసీకి వేలిముద్ర. మనం ఫారం తీయగానే "ఇది యా పథకానికి సార్?" అంటారు. కాదని ఒకసారి చెబితే చాలదు. లోపల ఎక్కడో "ఎందుకైనా మంచిది, పేరు రాయిద్దాం" అనే ఉంటుంది. ఆ ఆశ మీద, ఆ భయం మీద పెట్టించిన సంతకాన్ని నేను అంగీకారమని అనలేను. నా విద్యార్థులకు చెప్పేది ఇదే: మొదటి రోజు ఫారం బ్యాగులోనే ఉంచండి. దీనివల్ల పథకం రాదు, కాదంటే ఏదీ పోదు అని చెప్పి వచ్చేయండి. మర్నాడు మళ్లీ వెళ్లి, నిన్న ఏం చెప్పానో వాళ్ల మాటల్లోనే చెప్పమనండి. అప్పుడు అడగండి.

పిల్లల విషయంలో పెద్దల సంతకంతో పని అయిపోదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు వైద్య పరిశోధన కోసం రాసినవే అయినా ఇక్కడ పనికొస్తాయి. తల్లిదండ్రుల అంగీకారంతో పాటు, 7 నుంచి 12 ఏళ్ల పిల్లల సమ్మతి నోటిమాటగా, 12 నుంచి 18 ఏళ్ల వాళ్లది రాతపూర్వకంగా తీసుకోవాలంటాయి. హెడ్మాస్టరు సరే అంటే చాలనుకునేవాళ్లు 2009లో ఖమ్మం జిల్లాలో జరిగింది తెలుసుకోవాలి. 10 నుంచి 14 ఏళ్ల గిరిజన ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు, ఎన్నో అంగీకార పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు చేశారు. 2010లో ఆ కార్యక్రమం ఆగిపోయింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. మనం చేసేది టీకా కాదు, ప్రశ్నలే కదా అనిపించొచ్చు. కానీ సీజనల్ హాస్టల్‌లో వార్డెన్ వరుసగా నిలబెట్టిన పిల్లల్లో "నేను మాట్లాడను సార్" అనే ధైర్యం ఎవరికి ఉంటుంది?

సమయం కూడా నైతిక విషయమే. సీడు పత్తిలో క్రాసింగ్‌కు (విత్తనం కోసం పూలకు చేత్తో పుప్పొడి అద్దే పనికి) పోయే ఆడపిల్లలు సాయంత్రం మొగ్గలు సిద్ధం చేసి, మర్నాడు పొద్దున్నే పుప్పొడి అద్దాలి. ఆ పొద్దుటి పూట మనం అరగంట అడిగితే అది వాళ్ల కూలీలో కోత. మన వీలుకు వాళ్లు నష్టపోకూడదు.

ఈ పద్ధతిని ఓపికగా చేస్తే ఎంత దూరం పోవచ్చో మన జిల్లాల్లోనే రుజువుంది. యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, అనంతపురం, కడప జిల్లాలతో సహా, దాదాపు 3,000 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించింది. పిల్లల పేర్లే కాదు, ఊళ్ల పేర్లు కూడా మార్చి రాశారు. మళ్లీ అదే గడపకు వెళ్లాల్సినవాడికి పోయినసారి ఇచ్చిన మాట గుర్తుంటుంది. ఒక్కసారి వెళ్లి వచ్చేసేవాళ్లకు ఆ భయం ఉండదు, కాబట్టి ఎక్కువ జాగ్రత్త వాళ్లకే కావాలి.

ఇక పీఆర్ఏ. వాటర్‌షెడ్ పనుల రోజుల నుంచి అనంతపురం జిల్లాకు ఇది కొత్తేం కాదు. రచ్చకట్ట దగ్గర నేల ఊడ్చి, ముగ్గుపిండితో వీధులు, ఇటుకపొడితో పొలాలు, చింతగింజలతో లెక్కలు. అక్షరం రాని ఆడవాళ్లు ముగ్గుపిండి చేతికి రాగానే ముందుకొస్తారు. ఒకరు తప్పు గీస్తే పదిమంది సరిదిద్దుతారు. నీళ్లు, దారి, బడి దూరం, బస్సు వేళలు, ఇలాంటి ఉమ్మడి విషయాలకు దీన్ని మించింది లేదు.

కానీ ఆ నేల మీద గీసిందంతా అందరికీ కనపడుతుంది. సుగ్గి సంగతే చూడండి. ఏ ఇల్లు ఎన్ని నెలలు తాళం వేసి ఉంటుందో అన్ని చింతగింజలు పెట్టమని పిల్లల్ని అడిగామనుకోండి. వాళ్లు ఉత్సాహంగా పెట్టేస్తారు. పావుగంటలో ఊళ్లో ఏ ఇళ్లు ఖాళీగా ఉంటాయో, ఎవరు అప్పుల్లో ఉన్నారో, కూలీలను తీసుకుపోయే మేస్త్రీ దగ్గర ఎవరు అడ్వాన్సు తీసుకున్నారో నేల మీద తేలిపోతుంది. చుట్టూ నిలబడి చూసేవాళ్లలో అప్పిచ్చినవాడూ ఉంటాడు. మ్యాపు ఫొటో తీసుకుని మనం వచ్చేస్తాం. మిగతాది ఊరు చూసుకోవాలి.

గ్రూపులో గుట్టు దాగుతుందని మాట ఇవ్వడానికి ఎవరికీ హక్కు లేదు. మనం నోరు మూసుకుంటాం, మిగతా పదిమంది సంగతి? ఒక అమ్మాయి మాటల్లో మాటగా తన పెళ్లి ఖాయమైందని అనేస్తే, ఆ మాట మనకన్నా ముందు ఇల్లు చేరుతుంది. పైగా 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, పరిశోధకులకు మినహాయింపు లేదు. కాబట్టి "నువ్వు ఏం చెప్పినా నాలోనే ఉంటుంది" అని ఏ పద్ధతిలోనూ పిల్లలకు హామీ ఇవ్వకూడదు. ఏది దాచగలమో, ఏది దాచలేమో, అప్పుడు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ ఇంకెవరికి గానీ ఎలా చెబుతామో, మాట మొదలుపెట్టకముందే వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి. ఇది చెబితే పిల్లలు నోరు విప్పరు అని కొందరు టెన్షన్ పడతారు. విప్పకపోతే విప్పకపోనీ. ఆ నిర్ణయం వాళ్లది.

ఫొటోలు తీయించే పద్ధతి, ఫోన్‌లో గూగుల్ ఫారం పంపే పద్ధతి గురించి కూడా అడుగుతుంటారు. మొదటిదానిలో పిల్ల తీసిన ఫొటోలో పడ్డ పక్కింటామె అనుమతి ఎవరు తీసుకున్నారన్నది తేలాలి. రెండోదానిలో ఇంట్లో ఫోన్ ఎవరి చేతిలో ఉందో చూడండి. జవాబులు రాసింది వాళ్లే.

ఇప్పుడు అసలు విషయం, యువ పరిశోధకులు. ఇంటర్, డిగ్రీ చదివే ఊరి పిల్లలకు ట్రైనింగ్ ఇచ్చి, ట్యాబో ఫోనో చేతికిచ్చి, వాళ్ల ఊళ్లోనే ఇంటింటికీ పంపడం. రిపోర్టులో ఇది ఎంతో బాగా కనపడుతుంది. కానీ పంచిన పని ఏమిటో చూడండి. ఏం అడగాలో నిర్ణయించింది మనం. జవాబులకు అర్థం తేల్చేదీ మనం. ఎండలో తిరగడం, మాట పడటం మాత్రం వాళ్లకు. సర్వే కంపెనీ కూలీకి పెట్టుకునే మనిషి పనే ఇది, పేరు మాత్రం భాగస్వామ్యం.

పైగా బయటి మనిషి "మీకు అప్పెంత ఉంది?" అని అడిగి వెళ్లిపోతే రేపటికి మరచిపోతారు. అదే ప్రశ్న ఆ ఊరి సుంకమ్మ కూతురు అడిగితే, "మా అప్పు సంగతి దీనికెందుకు?" అని ఏళ్ల తరబడి గుర్తుంటుంది. ఆ పిల్ల ఏ వీధిలోకి వెళ్లగలదు, ఏ గడప దగ్గర నిలబడాలి అన్నది కులం తేలుస్తుంది. పార్టీ కక్షలున్న ఊళ్లో అవతలి వర్గం ఇంటికి వెళ్లిందంటే అదొక సంగతి అవుతుంది. జతకత్తె ఇంట్లో విన్న మాటను ఆ పిల్ల మోస్తూనే క్లాసులో పక్కన కూర్చోవాలి. పోక్సో బాధ్యత కూడా ఆమె నెత్తిన పడుతుంది. ఇంతా చేసి మనం వచ్చేశాక ఊళ్లో ఆమెకు అండ ఎవరూ ఉండరు.

అందుకే నా ఓటు ఈ పద్ధతికే, కానీ తిరగేసి. సేకరించే పని పిల్లల మీద పెట్టకండి, నిర్ణయించే పని పెట్టండి. ఏ ప్రశ్నలు అడగాలో, ఏవి అడగకూడదో వాళ్లు తేల్చాలి. ఇంటింటికీ వెళ్లేది బయటివాళ్లు. పేర్లు, గుర్తులు తీసేసిన జవాబుల్ని మళ్లీ పిల్లల ముందు పరచి, వీటి అర్థమేమిటి, ఊరికి ఏం చెప్పాలి, అధికారులకు ఏం చెప్పాలి అని వాళ్లనే వాదించుకోనివ్వాలి. చిన్న ఊళ్లో పేరు తీసినా మనిషి తెలిసిపోయే జవాబులుంటాయి, వాటిని పక్కన పెట్టాలి. రెండు మూడు ఊళ్ల పిల్లల్ని కలిపి, ఒక ఊరి జవాబులు ఇంకో ఊరి పిల్లలకు ఇస్తే ఇంకా మంచిది.

ప్రశ్నలు వాళ్ల చేతిలో పెడితే వచ్చే తేడా నేను కళ్లారా చూశాను. మా ఫారంలో "బడికి ఎందుకు పోవడం లేదు?" అని ఉంది. సుగ్గికి పోయి వచ్చే పిల్లలు దాన్ని కొట్టేసి, "సుగ్గి నుంచి వచ్చినాక బడిలో మీ పేరు ఉండిందా?" అని రాశారు. మొదటి ప్రశ్న తప్పు పిల్లదేనన్నట్టు మొదలవుతుంది. రెండోది హాజరు పట్టీని అడుగుతుంది. ఆ ప్రశ్న మా ఎవరికీ తట్టలేదు, తట్టే అవకాశమూ లేదు.

పిల్లలు ఇంటింటికీ తిరిగి సమాచారం సేకరించకపోతే వాళ్లకు ఏం అర్థమవుతుంది అని ఒక తోటి అధ్యాపకురాలు నాతో గట్టిగానే వాదించారు. 2001లో మెదక్ జిల్లాలో జరిగిన ప్రజాతీర్పు గుర్తుచేశాను. చిన్న, సన్నకారు రైతులు, వాళ్లలో ఎక్కువమంది మహిళలు, జ్యూరీగా కూర్చుని వ్యవసాయం ఏ దారిన పోవాలన్న దాని మీద సాక్షుల్ని ప్రశ్నించి తీర్పు చెప్పారు. ఎవరూ ఇంటింటికీ తిరిగి లెక్కలు తేలేదు. తూకం వేయడానికి వాళ్ల అనుభవం చాలింది. ఆ తీర్పు పెద్దలకు ఎంత గుచ్చుకుందో తర్వాత జరిగిన రభసే చెబుతుంది.

హాస్టల్ మెస్, నీళ్ల ట్యాంకు, బస్సు వేళలు లాంటి అందరి విషయాలైతే పిల్లలే తిరిగి పరిశీలించొచ్చు, అక్కడ నాకు అభ్యంతరం లేదు. కూర్చుని ఆలోచించే పనికి కూడా యువకులకు డబ్బివ్వాలి, పరీక్షల నెలల్లో పిలవకూడదు. 14 ఏళ్ల లోపు వాళ్లను కూలీకి పెట్టుకోవడం 2016 సవరణ తర్వాత చట్టరీత్యా కుదరదు. వాళ్లకు చార్జీలు, టిఫిను, తొందరగా ఇల్లు చేర్చడం.

మూడు నెలల్లో ప్రాజెక్టు ముగించాల్సినవాళ్లకు ఇదంతా కుదరదు. వాళ్లు యువ పరిశోధకులు అనే మాట జోలికి పోకుండా, విడి ఇంటర్వ్యూ శుభ్రంగా చేస్తే చాలు. ప్రశ్నలు ఖాయం చేసేముందు ఒక మధ్యాహ్నం పిల్లలకు చూపించి కొట్టివేతలు చేయించుకోండి. ఫలితాలు చెప్పడానికి మళ్లీ ఊరికి వెళ్లే బస్సు ఖర్చు బడ్జెట్‌లో మొదటి లైనుగా రాసుకోండి. సుగ్గికి పోయినవాళ్లు తిరిగొచ్చే నెల చూసి ఆ తేదీ పెట్టుకోండి, లేకపోతే తాళాలు వేసిన ఇళ్లకు చెప్పి రావాల్సి వస్తుంది.