చెక్ ఇంజిన్ లైట్: స్కానర్ కొనాలా, షెడ్డుకెళ్లాలా?

బెంగళూరు మారతహళ్లి సిగ్నల్లో కారు వణుకుతోంది, డ్యాష్‌బోర్డులో పసుపు చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. ఏం చేయాలి?

ఖర్చు: బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారు లోపాల కోడ్‌లు చదివే చిన్న పరికరం) ఒకసారి కొంటే చాలు. షెడ్డులో స్కాన్ చేయించిన ప్రతిసారీ డబ్బులే.

శ్రమ: స్కానర్‌ను స్టీరింగ్ కింది పోర్టులో పెట్టి ఫోన్‌లో కోడ్ చూడటమే. పీ0301 అంటే పెట్రోలు బండిలో ఒకటో సిలిండర్ మిస్‌ఫైర్, అంటే అందులో పెట్రోలు సరిగా మండట్లేదు. ఇంజిన్ ఆపి, చల్లారాక దాని కాయిల్‌ను (ప్లగ్గుకు కరెంటిచ్చేది) రెండో సిలిండర్ కాయిల్‌తో అటూ ఇటూ మార్చి, కోడ్ చెరిపి నడపండి. ఈసారి పీ0302 వస్తే దొంగ ఆ కాయిలే. కోడ్ మారలేదా, ప్లగ్గో ఇంజెక్టరో చూడాలి. షెడ్డుకైతే తాళం ఇచ్చేస్తే సరి.

రిస్క్: కోడ్ చూడగానే పార్టుల షాపులుండే జేసీ రోడ్డుకు పరుగెత్తి పార్టులు కొంటే డబ్బు దండగ. షెడ్డులో బాగున్నవీ మార్చేస్తారేమోనని టెన్షన్ (అది ఊరికే పుట్టలేదు లెండి).

లైటు నిలకడగా ఉంటే స్కానర్ చాలు. వారంటీ ఉంటే సర్వీస్ సెంటరే. లైటు ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంటుంటే మాత్రం రెండూ కాదు, ముందు బండి పక్కకాపి టో చేయించండి. కాలని పెట్రోలు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని పాడుచేస్తుంది.