ఎలక్ట్రానిక్ తంబురా పెట్టెనా, ఫోన్ యాపా: చెవి పెట్టి చూస్తే

ఫోన్‌లో ఉచితంగా తంబురా మోగుతుంటే వేలు పోసి పెట్టె కొనడం ఎందుకని సంగీతం నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. చాలామంది పెట్టెకూ యాప్‌కూ పోటీ పెట్టి చూస్తారు గానీ, అసలు తేడా తెచ్చేది స్పీకరు. చవకరకం చిన్న పెట్టె కంటే ఉచిత యాప్‌కు వైరుతో తగిలించిన ఓ మాదిరి స్పీకరే మేలు. మంచి పెట్టె అయితే ఈ రెండిటినీ మించుతుంది, కాకపోతే అది మంచిదో కాదో కొట్లోనే తేల్చుకోవాలి.

ఒకటి శ్రుతిలో, అంటే హార్మోనియం ‘సి’ మెట్టును ‘స’గా పెట్టుకుని పాడే మగగొంతుకు తంబురా సారణి (నడుమనుండే ‘స’ తీగ) 130.8 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. మంద్రం, అంటే అన్నిటికన్నా కింది ‘స’ తీగ, అందులో సగం, 65.4. అయిదున్నర శ్రుతిలో (‘జి షార్ప్’ మెట్టు) పాడే ఆడగొంతుకైతే సారణి 207.7, మంద్రం 103.8. ఫోన్‌లో ఉండే గోరంత స్పీకరు 300 హెర్ట్జ్ దిగువకు వచ్చేసరికి దాదాపు చేతులెత్తేస్తుంది. అయినా మనకు మంద్రం వినబడినట్టే ఉంటుంది, ఎందుకంటే తీగ మోగినప్పుడు పైన తమంతట తామే పలికే స్వయంభూ స్వరాలను బట్టి కింది షడ్జమాన్ని (‘స’ను) చెవి తనే ఊహించుకుంటుంది. తీరా గొంతు ఎత్తగానే ఆ పలుచటి నాదం గొంతు కింద మునిగిపోతుంది. వాల్యూమ్ పెంచితే స్పీకరు చిరచిరలాడుతుంది తప్ప నాదం నిండదు. అదే యాప్‌ను నాలుగంగుళాల కోను ఉన్న స్పీకరుకు తగిలించి వినండి, వేరే వాయిద్యమేమో అనిపిస్తుంది.

పెట్టెల్లో రెండు రకాలున్నాయి. హార్మోనియం రీడులా ఎడతెగకుండా మోగే శ్రుతి పెట్టె ఒకటి, తీగలు మీటినట్టు పలికే తంబురా పెట్టె ఇంకొకటి. ఈ రంగంలో పాత పేరు బెంగళూరు రేడెల్‌ది. దాన్ని స్థాపించిన జి. రాజ్ నారాయణ్ ఇంజినీరూ, వేణు విద్వాంసుడూ కూడా. ఇప్పుడు బజారులో చాలా పేర్లున్నాయి. పేరు చూసి కాక చెవితో విని ఎంచుకోండి.

వినాల్సిన మొదటి సంగతి జీవ. అసలు తంబురాకు బ్రిడ్జి మీద తీగ కింద సన్నని దారం పెడతారు. దాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపితే ఒకచోట తీగ విచ్చుకుని ఝుమ్మంటుంది. పెట్టెలో ఆ పని లోపలి చిప్పు చేయాలి. మిగతా తీగల్ని ఆపగలిగితే మంద్రం ఒక్కటే మోగనిచ్చి, కళ్లు మూసుకుని ఓ నిమిషం వినండి. ఆ షడ్జమంలోంచి అంతర గాంధారం, అంటే శంకరాభరణంలో వచ్చే ‘గ’, తనంత తానే తేలి రావాలి. వచ్చిందా, పెట్టె పాసయినట్టే. ‘టింగ్, టింగ్’ అని గంట కొట్టినట్టు ఉండి ఆగిపోతే ఆ పెట్టె పక్కన పెట్టేయండి. ఈ గాంధారం ముచ్చట కేవలం సొగసు కోసం కాదు. తంబురాలో పుట్టే గాంధారం కంటే కీబోర్డు గాంధారం సుమారు 14 సెంట్లు ఎక్కువ. అరస్వరం దూరాన్ని నూరు భాగాలు చేస్తే ఒక భాగం ఒక సెంటు. రోజూ కీబోర్డు పక్కన శంకరాభరణం సాధన చేసే పిల్లల గాంధారం కాస్త పైకి లేచి ఉండడానికి ఇదీ ఒక కారణం.

రెండోది పంచమం, అంటే ‘ప’. ఇక్కడ లెక్కతో పట్టేయవచ్చు. షడ్జమం 130.81 ఉంటే అసలు పంచమం దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 196.22. కీబోర్డు కొలత ప్రకారం ఇచ్చే పంచమం 196.00. తేడా రెండు సెంట్లే, విడిగా ఎవరి చెవికీ ఆనదు. ఆ కీబోర్డు పంచమం షడ్జమంతో కలిసి మోగితే మాత్రం పైన ఎక్కడో నాదం రెండు సెకన్లకు పైగా సమయానికి ఒకసారి ఉబ్బి తగ్గుతూ ఉంటుంది. ఆ ఊగు కనిపిస్తే పంచమం బిరడా లాంటి సన్న సర్దుబాటు ఉందేమో చూడండి. ఉంటే ఊగు నిదానించి ఆగిపోయేదాకా తిప్పాలి, ఆగిన చోటే పంచమం. ఆ సర్దుబాటే లేని యాపులు కోకొల్లలు.

అరస్వరం మెట్లు మాత్రమే ఉండి, మధ్యలో సెంట్ల సర్దుబాటు లేనివి గాత్రానికి పనికొస్తాయేమో గానీ వాయిద్యగాళ్లకు దండగ. ‘ఎ’ మెట్టును 442 హెర్ట్జ్‌కు శ్రుతి చేసిన హార్మోనియం పక్కన 440కు కట్టేసిన తంబురా పెడితే ఎనిమిది సెంట్లు తేడా. అంత తేడా పామరుడికి కూడా తెలిసిపోతుంది. వేణువు సంగతి మరీ చిక్కు. గాలి వేడెక్కే కొద్దీ స్థాయి పెరుగుతుంది, లెక్క ప్రకారం డిగ్రీకి మూడు సెంట్ల దాకా. ఏసీ గదిలో మొదలుపెట్టిన వేణువు పది నిమిషాలకు ఊపిరి వేడికి పైకెక్కుతుంది, తంబురానూ దాంతోపాటు జరపగలగాలి.

రాగాన్ని బట్టి పంచమాన్ని మార్చే మీట కూడా చూసుకోవాలి. హిందోళం, శ్రీరంజని వంటి పంచమం లేని రాగాలకు మధ్యమం ఉంటే చాలు, చాలా పెట్టెల్లో అది ఉంటుంది. మరి హంసానంది? దానికీ పంచమం లేదు కదా అని అలవాటు కొద్దీ ‘మ’ నొక్కితే శుద్ధ మధ్యమం మోగుతుంది, పాడేదేమో దానికన్నా అరస్వరం పైనుండే ‘ప్రతి మధ్యమం’. గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టే. నిషాదం పెట్టుకునే వీలున్న పెట్టె అయితే ఈ బాధ తప్పుతుంది, లేకపోతే ఆ తీగను షడ్జమానికే కలిపేయాలి.

ఇక యాపుల్లో తరచూ కనబడే లోపం ఒకటుంది. తంబురాను ఏదో ఒక శ్రుతిలో రికార్డు చేసి మిగతా శ్రుతులకు సాగదీస్తారు. ఒకటి శ్రుతి నాదాన్ని అయిదున్నరకు లాగితే తంబురా బుర్ర నాదం కూడా దాంతోపాటే పైకి లేచి, పెద్ద తంబురా కాస్తా బొమ్మ తంబురాలా కీచుమంటుంది. ఒకే ముక్కను తిప్పి తిప్పి వినిపించే వాటిలో అతుకు దగ్గర ప్రతి ఆవృత్తికీ సన్నగా ‘టిక్’ మంటుంది. అరనిమిషం వింటే తెలియదు. కనీసం రెండు నిమిషాలు మోగనివ్వండి, మీ సొంత శ్రుతిలోనే.

కరెంటు విషయం చాలామంది పట్టించుకోరు. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పెట్టెల్లో సరైన వడపోత లేకపోతే 100 హెర్ట్జ్ రొద అడుగున మోగుతుంది. అయిదు శ్రుతి మంద్రం 98, అయిదున్నరది 103.8. అంటే ఆ రొద సరిగ్గా ఈ రెండిటి మధ్య కూర్చుంటుంది. వాల్యూమ్ పూర్తిగా తగ్గించి స్పీకరుకు చెవి ఆనించండి, ‘గుయ్’ మంటుంటే అయిదు, అయిదున్నరలో పాడేవాళ్లు దాన్ని కొనకూడదు. ఆ తర్వాత వాల్యూమ్ ముప్పాతిక దాకా పెంచి మంద్రం దగ్గర పెట్టె అదిరి గరగరమంటుందేమో కూడా చూడండి. అమెరికాలో ఉన్న మనవళ్లకు పంపేవారు వెనక చీటీ చదవాలి. 230 వోల్టులని ఒక్కటే రాసి ఉంటే అక్కడి 120 వోల్టులకు అది సరిగా పనిచేయదు, 100 నుంచి 240 దాకా అని ఉండాలి. మూలన పెట్టే రోజుల్లో బ్యాటరీలు తీసేయండి, కారితే లోపలి స్ప్రింగులు తుప్పు పడతాయి.

ఫోనే చాలనుకుంటే రెండు పనులు చేసుకోండి. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేదంటే వర్ణం మధ్యలో ఫోనొచ్చి శ్రుతి తెగుతుంది. సెట్టింగుల్లో బ్యాటరీ విభాగానికి వెళ్లి ఆ యాప్‌కు ఆంక్షలు ఎత్తేయండి, లేకపోతే స్క్రీన్ ఆరిన కాసేపటికి తంబురా కూడా ఆరిపోవచ్చు. బ్లూటూత్ స్పీకరు వాడితే నాదం కాస్త ఆలస్యంగా వస్తుంది గానీ, దానివల్ల శ్రుతికి నష్టమేమీ లేదు.

ఆన్‌లైన్ పాఠాల్లో ‘శ్రుతి వినబడట్లేదు గురువుగారూ’ అనే ఫిర్యాదుకు పెట్టె కారణం కాదు. ఎడతెగకుండా ఒకే తీరున మోగేదాన్ని జూమ్ ఫ్యాను చప్పుడు కింద జమకట్టి కోసేస్తుంది. ఆడియో సెట్టింగుల్లో ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ ఆన్ చేసి, పాఠం మొదలయ్యాక తెరపై కూడా అది వెలిగి ఉందో లేదో చూసుకోవాలి. ఇరువైపులా హెడ్‌ఫోన్లు ఉంటే ఇంకా నయం. రెండిళ్లలోనూ రెండు తంబురాలు మోగించి వినిపించవద్దు, అయిదారు సెంట్ల తేడా ఉన్నా పాఠమంతా ఊగుతూనే ఉంటుంది.

నాలుగైదేళ్లు వాడిన పెట్టెలో వాల్యూమ్ తిప్పితే బరబరమనడం మామూలే, దాన్ని పాడైపోయిందని పారేయకండి. ప్లగ్గు తీసేసి ఆ నాబ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవైసార్లు తిప్పండి. కొన్ని పెట్టెలు దాంతోనే బాగవుతాయి. కాకపోతే ఎలక్ట్రానిక్స్ కొట్లో దొరికే కాంటాక్ట్ క్లీనర్ ఒక్క పిచికారీ కొట్టించి, ఆరాక మళ్లీ తిప్పాలి. కుట్టు మిషను నూనె, కొబ్బరి నూనె మాత్రం వేయకండి. దుమ్మంతా దానికే పేరుకుని నెలలోపే మళ్లీ బరబర మొదలవుతుంది, అప్పుడిక నాబ్ కింది భాగమే మార్పించాలి.